పిడిలో దాగిన పేరు, మూసలో కరిగిన పేరు

జపాన్ కత్తిని చూపించమంటే తెలిసినవాళ్లు పిడి విప్పి చూపిస్తారు. పిడికి అడ్డంగా దూర్చిన చిన్న వెదురు మేకును తీసేస్తే పిడి మొత్తం ఊడి వస్తుంది. లోపల దాక్కున్న ఇనుప తోక బయటపడుతుంది. దాన్ని వాళ్లు నకాగో అంటారు. దాని మీద కమ్మరి పేరు ఉండొచ్చు, అతని ఊరు ఉండొచ్చు, కత్తి చేసిన సంవత్సరం, నెల కూడా ఉండొచ్చు. మన దక్కన్ తల్వార్‌ను అలా విప్పలేం. పిడిలో లక్క కరిగించి పోసి కత్తి అలుగును శాశ్వతంగా బిగించేశారు. ఎలాగో విప్పినా చదవడానికి అక్కడ సాధారణంగా ఏమీ ఉండదు. పాత కత్తుల సేకరణలోకి కొత్తగా దిగే తెలుగువాడు ముందు జపాన్ కత్తి గురించి పుస్తకాలు తిరగేస్తాడు, మన కత్తిని తాతల నాటి ఇనుపముక్కగా గోడకు వదిలేస్తాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటేనే రెండూ అర్థమవుతాయని నా వాదన. జపాన్ కత్తిలో మనం చదివేది కమ్మరిని. తెలంగాణ ఉక్కు కత్తిలో చదివేది ఉక్కును. ఆ తేడా తెలియకుండా వెల కట్టబోతే రెండు చోట్లా మోసపోతాం.

మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఈమధ్య కత్తి అంటే కటానాయే. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ లేచిన ఫార్మ్‌హౌసుల్లో, టీవీ కింద చెక్క స్టాండు మీద, నల్ల ఒరలో పొడుగుది ఒకటి, పొట్టిది ఒకటి జంటగా కనబడతాయి. “ఇది అసలు సమురాయ్ కత్తేనంట అన్నా, ఎంత పలుకుతది?” అని అడుగుతారు. ఊరికి పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా 1565లో విజయనగరం మీదికి వెళ్లిన సుల్తానుల్లో ఒకడు. ఆ కాలపు గోల్కొండ ఉక్కు కోసం పర్షియా నుంచి బేరగాళ్లు వచ్చేవాళ్లు. ఇప్పుడు అదే నేల మీద స్టెయిన్‌లెస్ స్టీలు కటానాకు పూజగది పక్కన చోటు దొరుకుతోంది. అలంకారానికి చేసిన ఆ కత్తిని పోల్చడానికి ఎక్కువసేపు పట్టదు. పిడి విప్పబోతే మేకు కదలదు, జిగురు పెట్టి అతికించి ఉంటుంది. విప్పగలిగితే తోక ఉండాల్సిన చోట సన్నటి ఇనుప చువ్వ కనిపిస్తుంది. అలుగు అద్దంలా మెరుస్తుంది గానీ ఆ మెరుపులో ఏమీ ఉండదు. దాని గురించి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

చెప్పాల్సింది రెండో తెగ గురించి. ఇండియాలో పాత సైనిక కుటుంబాల ఇళ్లలో జపాన్ కత్తి బయటపడిందంటే అది చాలావరకు రెండో ప్రపంచ యుద్ధపు కత్తే అయ్యే అవకాశం ఉంది. నిజాం సొంత సేనకు చెందిన ఒకటో హైదరాబాద్ పదాతి దళం 1941 డిసెంబరులో మలయాలోని కోటా బారు విమానస్థావరం దగ్గర జపాన్ దాడిని ఎదుర్కొంది. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్ పటాలాలు మలయాలోనూ బర్మాలోని అరకాన్‌లోనూ పోరాడాయి. దాని పేరులోనే హైదరాబాద్ ఉంది గానీ మనుషులు ఎక్కువగా కుమావూనీలు, అహీర్లు, జాట్లు. 1945లో దాన్ని కుమావూన్ రెజిమెంట్ అని మార్చడం న్యాయమే. యుద్ధం ముగిశాక జపాన్ అధికారులు లొంగిపోతూ అప్పగించిన కత్తులు గెలిచినవాళ్లకు జ్ఞాపికలయ్యాయి. వాటిలో కొన్ని ఓడలెక్కి ఇక్కడికీ చేరాయి.

ఈ తెగలో కింది స్థాయి కత్తి 1935 నాటి నమూనా. హవల్దారు స్థాయివాళ్లకు సైన్యమే ఇచ్చింది. దాన్ని దగ్గరగా చూస్తే తమాషాగా ఉంటుంది. అసలు జపాన్ పిడికి చెక్క మీద సొరచేప జాతి చేప గరుకు చర్మం వేసి, దాని మీద పట్టు దారం పేటను వజ్రాకారాలు వచ్చేలా చుడతారు. ఈ కత్తి పిడిని అల్యూమినియంతో పోత పోసి, ఆ చుట్టలు కూడా పోతలోనే తెప్పించి, పైన రంగు పూశారు. వెదురు మేకు ఉండాల్సిన చోట మర ఉంది. పిడి దగ్గర అలుగు మీద వరుస నంబరు కొట్టి ఉంటుంది, ఇనుప ఒర మీద కూడా అదే నంబరు. రెండు నంబర్లూ కలిస్తే సైనిక వస్తువుల సేకర్తకు సంతోషం. రంగు నిలిచి ఉంటే ఇంకా సంతోషం. కానీ ఇది యంత్రం మీద సాగిన కత్తి, కమ్మరి కొలిమి చూడనిది. సంప్రదాయ పద్ధతిలో చేయని ఇలాంటి కత్తులను జపాన్ చట్టం కళాఖండాలుగా నమోదు చేసుకోదు. అంటే పుట్టిన దేశంలోనే దానికి చోటు లేదు.

అధికారుల కత్తి సంగతి వేరు. పైకి చూస్తే అది కూడా సైనిక కత్తే. పిడికి సైనిక సామాను, ఒర మీద తోలు తొడుగు. లోపల ఉన్నది మాత్రం ఏదైనా కావచ్చు. సెకీ పట్టణంలో నూనెలో ముంచి చల్లార్చిన కారుచౌక కత్తి కావచ్చు. అప్పుడు తోక మీద పేరు పైన చిన్న ముద్ర ఉంటుంది. లేదా సైన్యం గుర్తించిన సంప్రదాయ కమ్మరి చేసినది కావచ్చు. అప్పుడు నక్షత్రం ముద్ర కనిపించవచ్చు. లేదా ఆ అధికారి ఇంట్లో తరతరాలుగా ఉన్న పాత అలుగునే తీసి ఈ సామానులో బిగించి ఉండొచ్చు. మూడింటికీ బయటి రూపం ఒకటే. అందుకే సైనిక ఒరను చూసి కత్తిని తీసిపారేసేవాడు, పట్టు చుట్టిన పిడిని చూసి ఎగిరి గంతేసేవాడు ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. బేరం మాట్లాడే ముందు పిడి విప్పాలి.

విప్పాక మొదట చూడాల్సింది పేరు కాదు, తుప్పు. వందల ఏళ్ల తోక మీద తుప్పు పాకం ముదిరిన బెల్లపు రంగులో, దాదాపు నల్లగా, నున్నగా ఉంటుంది. వేలితో రాస్తే అంటుకోదు. ఆమ్లంతో తెప్పించిన కొత్త తుప్పు ఎర్రగా, పొడిపొడిగా ఉండి వేలికి అంటుతుంది. చెక్కిన అక్షరాల గీతల లోపల కూడా చుట్టూ ఉన్న తుప్పే ఉండాలి. గీత లోపల లోహం తాజాగా కనిపిస్తే పేరు నిన్నో మొన్నో చెక్కారన్నమాట. తోక మీద ఆకురాయి వేసిన గీతలు అడ్డంగా ఉన్నాయా, ఏటవాలుగా ఉన్నాయా, ఎంత వాలు అన్నది కూడా ఒక్కో వంశానికి ఒక్కో తీరు. ఇన్ని సంగతులు చెప్పే తుప్పును శుభ్రం చేశామని చెప్పుకునే అమ్మకందారు ఆ కత్తి వయసుకున్న సాక్ష్యాన్ని తుడిచేశాడు. జపాన్ సేకర్తలు ఇంతకన్నా పెద్ద నేరం లేదంటారు. నేనూ ఒప్పుకుంటాను.

పేరు కనిపించినంత మాత్రాన పని అయిపోదు. పేరున్న జపాన్ కత్తుల్లో దొంగపేర్లవి చాలా ఎక్కువ. దొంగపేరును గిమెయి అంటారు. పెద్ద కమ్మరి ఎవరైతే అతని పేరు మీద అన్ని దొంగ కత్తులు. 17వ శతాబ్దపు నగసోనె కొతెత్సు పేరు కనిపిస్తే ముందు అనుమానించమనే నేర్పుతారు. 14వ శతాబ్దం తొలినాళ్ల మసమునె తన కత్తుల మీద పేరు చెక్కడం చాలా అరుదు. కాబట్టి పేరున్న మసమునెను చూస్తే అనుభవజ్ఞుడికి ఆనందం కన్నా అనుమానం ముందొస్తుంది. ఇంకో చిక్కుంది. ఒకప్పుడు గుర్రం మీద వాడిన పొడుగాటి కత్తుల్ని తర్వాతి కాలంలో నేల మీద పోరుకు పొట్టి చేశారు. పొట్టి చేయడం తోక వైపు నుంచే. దాంతో పాత పేరు సగమో మొత్తమో పోయింది. కొందరు యజమానులు పేరున్న ముక్కను కోసి కొత్త తోకలో పొదిగించారు, కొందరు వెనక్కి మడిచి బిగించారు. అంత శ్రమపడి పేరును కాపాడుకున్న సమాజం అది. పేరు లేకుండా పొట్టి చేసిన 14వ శతాబ్దపు కత్తి, పేరు స్పష్టంగా ఉన్న 19వ శతాబ్దపు కత్తికన్నా ఎన్నో రెట్లు పలకడం కూడా ఆ సమాజంలోనే. కొత్తవాడికి ఇది మింగుడుపడదు.

పేరు లేనప్పుడు మాట్లాడేది అలుగే. వంపు ఎక్కడుందో చూడాలి. పిడి దగ్గరే లోతుగా వంగి మొన వైపు తిన్నగా సాగితే పాత కాలపు స్వారీ కత్తి వాసన. దాదాపు నిటారుగా ఉంటే 1660ల నాటి కన్‌బున్ కాలపు కత్తి కావచ్చు. మొన పెద్దదైతే 14వ శతాబ్దం గుర్తుకు రావాలి. పొడవును వాళ్లు షకు లెక్కన కొలుస్తారు. ఒక షకు 30.3 సెంటీమీటర్లు. రెండు షకులు దాటితే కటానా, ఒకటికీ రెండుకీ మధ్య వకిజాషి, ఒకటికి లోపు తాంతో. కాలాల లెక్క కూడా వాళ్లదే. 1596కు ముందువి పాతవి, అక్కణ్ణుంచి 1781 దాకా కొత్తవి, తర్వాతవి కొత్తకొత్తవి. 1876 మార్చిలో మెయిజీ ప్రభుత్వం నడుముకు కత్తి కట్టుకు తిరగడాన్ని నిషేధించింది. అక్కడితో ఆ పాత లెక్క ఆగుతుంది.

అసలు అందం వాదర పక్కన ఉంటుంది. కత్తిని పదును పట్టే ముందు వెన్ను మీద మట్టి మందంగా, వాదర మీద పలచగా పూసి, ఎర్రగా కాల్చి నీటిలో ముంచుతారు. పలచటి చోట ఉక్కు వెంటనే చల్లారి గట్టిపడుతుంది. మందపు చోట మెల్లగా చల్లారి మెత్తగా ఉంటుంది. ఆ రెండూ కలిసే సరిహద్దే హమోన్, వాదర వెంట నడిచే తెల్లటి పొగలాంటి గీత. దీపం ఒక పక్కన పెట్టి కత్తిని వాలుగా పట్టుకుని చూస్తే ఆ గీతలో సన్నటి మెరిసే రేణువులు కనిపిస్తాయి. ఆమ్లంతోనో తీగ బ్రష్షుతోనో గీసిన దొంగ హమోన్‌లో అవి ఉండవు, అలలు కూడా అచ్చు పోసినట్టు ఒకేలా వస్తాయి. గీత మొన లోపలికి వెళ్లి వెనక్కి తిరిగిందా అన్నది ఇంకో పరీక్ష. మొన లోపలి ఆ గీతను బోషి అంటారు. మొన అరిగి బోషి పోయిందంటే కత్తి విలువ సగానికి పైగా పోయినట్టే. వాదరకు అడ్డంగా వెంట్రుకంత పగులు కనిపిస్తే అది హగిరే. అది ఉన్న కత్తిని, ఎంత గొప్ప చేతి పనైనా, కొత్తవాడు ముట్టుకోకపోవడమే మంచిది.

జపాన్‌లో దీన్ని ఆటగా నేర్చుకుంటారు. తోకను గుడ్డతో మూసేసి అలుగు మాత్రమే చూపిస్తారు. చూసినవాడు చీటీ మీద కమ్మరి పేరు రాసి ఇవ్వాలి. తప్పు రాస్తే ఎంత దగ్గరగా తప్పావో చెబుతారు: దారి సరే, కాలం సరే, సీమ కాదు. ఇలా చూపు పదునెక్కిన సమాజంలో హోనామి లాంటి కుటుంబాలు తరతరాలుగా కత్తులకు నిర్ణయ పత్రాలు రాస్తూ బతికాయి. 1948లో ఏర్పడిన జపాన్ కళాఖడ్గ పరిరక్షణ సంఘం నేటికీ ఆ పని చేస్తోంది. దాని పత్రాల్లో మెట్లున్నాయి. అన్నిటికన్నా కింద హోజోన్, ఆ పైన తోకుబెత్సు హోజోన్, ఇంకా పైన జూయో. 1982కు ముందు అదే సంఘం ఇచ్చిన పాత రకం పత్రాల్ని మాత్రం నేటి బజారు అంతగా నమ్మదు.

ఇక మన వైపు. మాది రంగారెడ్డి ఇబ్రహీంపట్నం. జగిత్యాల జిల్లాలో మెట్‌పల్లి పక్కన ఇంకో ఇబ్రహీంపట్నం ఉంది. ఉక్కు కథలో మాకన్నా ఆ ఊరికే హక్కు ఎక్కువ. ఆ ఊరికి దగ్గర్లోనే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. 1820ల్లో చనిపోయిన హెన్రీ వాయ్‌సీ అనే సర్వే వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు, అక్కడ ఉక్కు తయారీని కళ్లారా చూసి రాశాడు. మట్టి మూసల్లో రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి, మూతులు మూసి, తిత్తులతో గంటల తరబడి ఊది కరిగించేవాళ్లు. మూస పగలగొడితే చిన్న ఉక్కు బిళ్ల వచ్చేది. దాని కోసం పర్షియా వర్తకులు స్వయంగా వచ్చి కూర్చునేవాళ్లనీ, తమ దేశంలో దాన్ని చేయబోయి విఫలమయ్యారనీ ఆయన రాతలో ఉంది. అంతకు ముందు 17వ శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియె కూడా నీటి అలల్లాంటి మరకలు వచ్చే కత్తులకు గోల్కొండ ఉక్కే కావాలని రాశాడు. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి ఉత్తర తెలంగాణలో ఊరూరా తిరిగి పాత కొలుముల ఆనవాళ్లు నమోదు చేశాయి.

జపాన్ ఉక్కు ఇసుక నుంచే పుట్టింది. వాళ్ల నల్ల ఇనుప ఇసుక, మన వాగుల్లో దొరికే నల్ల ఇసుక ఒకే జాతివి. దారులు మాత్రం వేరు. షిమనె ప్రాంతంలో 1977లో మళ్లీ వెలిగించిన తతర కొలిమిలో మూడు పగళ్లు, మూడు రాత్రులు టన్నుల కొద్దీ ఇసుక, బొగ్గు పోస్తారు. ఇనుము పూర్తిగా కరగదు. చివరికి కొలిమి గోడలు పడగొడితే రెండు టన్నులకు పైగా బరువున్న ఎగుడుదిగుడు ముద్ద మిగులుతుంది. అందులో ఒక చోట ఉక్కు గట్టిది, ఇంకో చోట మెత్తది. కమ్మరి దాన్ని పగలగొట్టి, ఏరి, పేర్చి, కాల్చి, సుత్తెతో మడత మీద మడత వేస్తాడు. పదిపదిహేను మడతలకు పొరలు వేలల్లో అవుతాయి. కత్తి ఒంటి మీద చెక్క గీతల్లా కనిపించే హదా ఆ మడతల ఫలితం. హమోన్ అతని మట్టిపూత ఫలితం. అంటే ఆ అందం మొత్తం కమ్మరి చేతిది.

కోనసముద్రం బిళ్లకు వస్తే కథ తిరగబడుతుంది. అక్కడ ఉక్కు మూసలోనే పూర్తిగా కరిగింది. కర్బనం పాలు ఎక్కువ, సుమారు ఒకటిన్నర శాతం. మెల్లగా చల్లారేటప్పుడు, ఆ తర్వాత తక్కువ వేడి మీద సాగగొట్టేటప్పుడు, కార్బైడ్ రేణువులు వరుసలు కడతాయి. ఆ వరుసలే కత్తి మీద నీటి అలలు. వెర్‌హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి 1990ల్లో కలిసి పనిచేసి తేల్చినదేమంటే, ఆ వరుసలు కట్టడానికి ఖనిజంలో వనేడియం లాంటి మూలకం నామమాత్రంగానైనా ఉండాలి. అంటే అలల అందానికి సగం కారణం ఖనిజం, మిగతా సగం మూస. కత్తి చేసేవాడి గొప్పతనమల్లా దాన్ని చెడగొట్టకపోవడమే. ఎక్కువ కాల్చాడా, అలలు కరిగి మాయమవుతాయి. మన కత్తి మీద కమ్మరి పేరు ఎందుకు లేదన్న ప్రశ్నకు కులాన్ని, చదువు లేకపోవడాన్ని, రాజుల నిర్లక్ష్యాన్ని కారణాలుగా చెప్పేవాళ్లున్నారు. వాటిలో నిజం ఉండొచ్చు. కానీ నాకు మొదట కనిపించే కారణం ఇదే: అందం ఎక్కడ పుట్టిందో అక్కడి పేరే నిలిచింది. జపాన్‌లో అది కొలిమి దగ్గరి మనిషి పేరు, ఇక్కడ ఉక్కు వచ్చిన సీమ పేరు. కోనసముద్రం మూసలు కాచినవాళ్లు ఎంతో దూరంలో ఇస్ఫహాన్‌లో ఎవరో కత్తి చేస్తారని తెలిసి పనిచేశారు. అలాంటి బేరంలో పేరు చెక్కుకునే చోటే లేదు.

అలాగని ఆ కత్తుల మీద పేర్లు అసలు లేవా? ఉన్నాయి, బంగారంతో. పర్షియా పాలకుడు షా అబ్బాస్ కాలపు ఇస్ఫహాన్ కమ్మరి అసదుల్లా పేరు పొదిగిన కత్తులు ప్రపంచమంతటా కనిపిస్తాయి. ఒక్క మనిషి జీవితకాలంలో చేయగలిగినన్ని కావవి, వాటి తేదీలు కూడా ఒక జీవితంలో ఇమడవు. అది మనిషి పేరు నుంచి మెల్లగా సరుకు మీద ముద్రగా మారిపోయింది. కొతెత్సు పేరుకూ అసదుల్లా పేరుకూ తేడా ఎక్కడంటే, మొదటిదాన్ని అబద్ధమని తేల్చడానికి తోక ఉంది, తోక మీది అక్షరాల్ని కాగితం మీద రుద్ది తీసిన నమూనాల పుస్తకాలున్నాయి, చీటీల ఆట ఆడి పెరిగిన కళ్లున్నాయి. రెండోదాన్ని తేల్చడానికి ఉక్కు తప్ప ఏమీ లేదు. కాబట్టి తల్వార్ చేతికి వస్తే బంగారపు అక్షరాలు చదవడం తర్వాత పెట్టుకుని ఉక్కు చూడాలి. భూతద్దం కింద సన్నటి తెలుపు నలుపు గీతలు ఒక చోట కలిసి, ఒక చోట విడిపోతూ, ఎక్కడా ఒకేలా తిరిగి రాకుండా పిడి దగ్గర నుంచి మొన దాకా సాగాలి. అవి వాదరలోకీ వెన్ను మీదికీ వెళ్లాలి. పై పొరలో ఆగిపోతే ఎవరో ఆమ్లంతో గీసినవే. గీతలు లావుగా, స్పష్టంగా, అడుగడుక్కీ ఒకే మలుపు తిరుగుతుంటే అది రెండు లోహాల రేకుల్ని అతికి మెలితిప్పిన రకం. నేటి డమాస్కస్ వంటింటి చాకుల్లో కనిపించేది అదే. పిడిని చూసి కాలం నిర్ణయించడం కూడా ప్రమాదమే. దక్కన్‌లో పిడులు మార్చడం మామూలు. యూరప్ నుంచి వచ్చిన అలుగుకు ఇక్కడి పిడి బిగించి ఫిరంగి అన్న పేరుతో శతాబ్దాలు వాడారు. తారకశి పని ఎంత మెరిసినా అది పిడి పనివాడి గొప్ప, ఉక్కుది కాదు.

శుభ్రం చేయడం దగ్గర రెండు కత్తులూ పూర్తిగా విడిపోతాయి. దసరాకు ముందు పాత గడుల్లో కత్తుల్ని దించి ఇటుకపొడితో, గరుకుకాగితంతో రుద్ది, పసుపు కుంకుమ పెట్టి పూజ చేయడం చూశాం. తల్వార్ దీన్ని కొంతవరకు తట్టుకుంటుంది. పైన గీతలు పడి అలలు కనిపించకుండా పోతాయి గానీ, అవి లోహంలో లోపలిదాకా ఉన్నవి. తెలిసినవాడు మళ్లీ మెరుగుపెట్టి, పలుచటి ఇనుప లవణపు ద్రావణం రాస్తే పైకి తేలతాయి. అందుకే బజార్లో వెండిలా మెరిసే మామూలు తల్వార్‌లో అలలు దాగి ఉండొచ్చు. వెన్ను దగ్గర గోరంత చోట పరీక్షించమని అడిగే కొనుగోలుదారుడికి అమ్మేవాడి తెలియనితనమే లాభం. జపాన్ కత్తి మీద ఇలాంటి ప్రయోగం ఒక్కటి కూడా చేయకూడదు. దాని మెరుగు ఏళ్ల తరబడి శిష్యరికం చేసిన సానపట్టేవాడు రాయి తర్వాత రాయి మార్చి తెచ్చినది. ప్రతి సానకూ ఉక్కు కొంత అరుగుతుంది. గట్టి పొర అరిగిపోయి లోపలి మెత్తటి ఉక్కు బయటపడిన కత్తికి తిరిగి ప్రాణం రాదు. అక్కడ పసుపు, నిమ్మకాయ, చేతి చెమట అన్నీ శత్రువులే. నూనె పలుచగా రాసి ఒరలో పెట్టడమే కొత్తవాడు చేయదగ్గ సేవ.

నిప్పు రెండింటికీ శత్రువే, కానీ నష్టం ఒకేలా ఉండదు. 1615లో ఒసాకా కోట తగలబడ్డప్పుడు కాలిపోయిన పేరున్న కత్తుల్ని ఆ కోటను గెలిచిన తొకుగవ ఇయెయాసు, యసుత్సుగు అనే కమ్మరి చేత మళ్లీ పదును పట్టించాడు. వాటి చరిత్ర, పేర్లు మిగిలాయి, వాటికి గౌరవం నేటికీ ఉంది. తల్వార్‌ను మాత్రం ఊరి కొలిమిలో ఒకసారి ఎర్రగా కాల్చి వంగిన చోట సరిచేశారంటే, ఆ చోట అలలు పోయినట్టే.

వెల దగ్గరికి వస్తే నా ఫిర్యాదు రెండు వైపులా ఉంది. జపాన్ కత్తుల బజారు పత్రానికి దాసోహమంది. కత్తిని ఒరలోంచి తీయకుండానే పత్రం ఏ మెట్టుదో అడిగి వెల చెప్పే సేకర్తలున్నారు. చూపు నేర్పడానికి పుట్టిన వ్యవస్థ చూపును అనవసరం చేసేసింది. మన బజారు కథకు దాసోహమంది. ప్రతి తల్వార్ ఏదో సంస్థానాధీశుడిదే, మరీ మాట్లాడితే టిప్పు సుల్తానుదే. ఇలాంటి కథల్లో నిలబడేది కాగితం తోడున్న కథ ఒక్కటే. 2023 మే 23న లండన్‌లో బోన్‌హామ్స్ వేలంలో టిప్పు పడకగది కత్తి కోటీ నలభై లక్షల పౌండ్లకు పోయింది. వేలానికి ముందు వేసిన అంచనా 15 నుంచి 20 లక్షలే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ కత్తిని బ్రిటిష్ జనరల్ డేవిడ్ బెయిర్డ్‌కు బహూకరించిన వైనం రాతపూర్వకంగా ఉంది. అలుగు జర్మన్ నమూనాను అనుసరించి ఇక్కడ చేసినదని చెబుతారు. అంత డబ్బు పలికింది ఉక్కు కాదు, ఆ చరిత్ర. మన తెలంగాణ ఉక్కు అలలు నిక్కంగా ఉన్న పేరులేని తల్వార్‌కు అందులో ఆవగింజంత కూడా రాదు. నా దృష్టిలో ఇది అన్యాయమే, కానీ కొత్త సేకర్తకు అవకాశం కూడా అక్కడే.

మ్యూజియాలు ఈ అన్యాయాన్ని పోషిస్తున్నాయి. జపాన్‌లో కత్తిని పిడి విప్పి, తోకతో సహా, తెల్లటి గుడ్డ మీద పెట్టి, దీపం కోణం చూసుకుని ప్రదర్శిస్తారు. చూసేవాడు కాస్త వంగి హమోన్ పట్టుకోగలడు. మన దగ్గర ఆయుధాల గదుల్లో కత్తుల్ని విసనకర్రల్లా పరిచి గోడకు బిగిస్తారు. సాలార్‌జంగ్ మ్యూజియం సేకరణ ఎంత గొప్పదో చెప్పనక్కరలేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ ఆయుధాలూ పోగేశాడు, జపాన్ వస్తువులూ పోగేశాడు. కానీ దేశమంతటా మన ఆయుధాల గదుల చీటీల మీద సాధారణంగా కత్తి ఎవరిదో ఉంటుంది, ఏ ఉక్కో ఉండదు. కోనసముద్రం నుంచి నాలుగు గంటల దూరంలో ఉన్న నగరంలో కనీసం ఒక్క తల్వార్ పక్కన భూతద్దం, పక్కనుంచి పడే దీపం పెడితే, బడి పిల్లలకు కూడా అలలు కనిపిస్తాయి. జపాన్‌లో జాతీయ నిధుల జాబితాలో నూటికి పైగా కత్తులున్నాయి. 1876 నిషేధం తర్వాత కూడా మెయిజీ చక్రవర్తి కమ్మరులను పోషించాడు. 1906లో గస్సన్ సదకజును రాజాస్థాన కళాకారుల్లో చేర్చారు. బ్రిటిష్ ఇండియాలో 1878 ఆయుధాల చట్టం వచ్చింది. దాదాపు అదే కాలంలో మన మూసలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఇంగ్లండు ఉక్కు చౌకగా దిగుతుంటే, అడవి తరిగి బొగ్గు ప్రియమవుతుంటే, వాటిని వెలిగించి ఉంచే చక్రవర్తి ఇక్కడ లేడు.

చట్టం సంగతి సేకర్త నిర్లక్ష్యం చేయకూడదు. 1959 ఆయుధాల చట్టం కింద ఐదో వర్గంలో కత్తులున్నాయి. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో వాటికి కూడా లైసెన్సు కావాలి. కొనే ముందు పోలీస్ కమిషనరేట్‌లో అడగడం ఉత్తమం. వందేళ్లు దాటిన వస్తువులకు 1972 పురావస్తువుల చట్టం ఉంది. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. విదేశాల్లో వేలంలో జపాన్ కత్తి గెలిచి ఇంటికి రప్పించుకోవాలనుకునేవాళ్లు, దాని ధర కట్టక ముందే కస్టమ్స్ వాళ్లను అడిగి కాగితం మీద జవాబు తెచ్చుకోవాలి.

చేతిలో కొంచెం డబ్బే ఉంటే ఏది కొనాలి? జపాన్ వైపు నా మొగ్గు పేరున్న కటానా మీద కాదు. పేరు లేని, హోజోన్ పత్రమున్న, మొన పాడవని వకిజాషి మీద. పొట్టి కత్తి కాబట్టి చవక, పేరే లేదు కాబట్టి దొంగపేరు భయం లేదు, హమోన్ చదవడం నేర్చుకోవడానికి అది చాలు. మన వైపు పిడి సాదాగా, బంగారం లేకుండా, మెరుగు పోయి మసకబారిన తల్వార్. దాని వెన్ను దగ్గర గోరంత చోట అలలు తేలితే మిగతా బేరం ఆలోచించకుండా కానిచ్చేస్తాను.